ఎస్‌ఎస్‌ఎస్‌డీ: సర్వర్ అందనప్పుడు లాగిన్ ఎలా?

లినక్స్ కంప్యూటర్లను యాక్టివ్ డైరెక్టరీ (సంస్థలోని వాడుకరి ఖాతాలను ఒకేచోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) డొమైన్‌లో చేర్చడానికి నేను మొదట సూచించేది, లాగిన్‌లను సరిచూసే లినక్స్ సేవ అయిన ఎస్‌ఎస్‌ఎస్‌డీనే. డొమైన్ సర్వర్ అందకపోయినా, ఆ యంత్రంలో ఇంతకుముందు లాగిన్ అయిన వాడుకరిని, క్యాష్‌లో (యంత్రంలోనే ఉండే నిల్వలో) దాచిన పాస్‌వర్డ్ హ్యాష్‌తో (పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టలేని విధంగా మార్చిన రూపంతో) సరిచూసి అనుమతించడం దీని గొప్ప బలం. అయితే అలా ప్రవేశించినవారికి కొత్త కెర్బరోస్ టికెట్ (నెట్‌వర్క్ సేవలకు వాడుకరి ఎవరో రుజువు చేసే డిజిటల్ పత్రం) అందదు కనుక, నెట్‌వర్క్ తిరిగి వచ్చాక కూడా షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోకపోవచ్చు. పాస్‌వర్డ్‌ను తాత్కాలికంగా నిలిపి, సర్వర్ దొరకగానే టికెట్ తెచ్చే సెట్టింగ్ ఉంది. కానీ ఆ పాస్‌వర్డ్ కెర్నల్ కీరింగ్‌లో (లినక్స్ రహస్యాలను దాచే చోట) సాదా రూపంలో ఉంటుంది కాబట్టి, రూట్ (యంత్రంపై పూర్తి) అధికారం ఉన్నవారు దాన్ని చదవగలరు.

నాకు బొత్తిగా నచ్చనిది, ఆఫ్‌లైన్ లాగిన్ గడువు డిఫాల్ట్‌గా 0, అంటే అపరిమితం కావడం. ల్యాప్‌టాప్‌లలో దానికి తప్పనిసరిగా కొన్ని రోజుల హద్దు పెట్టాలి.