కోనసీమలో మూడు రోజులు: బండి కంటే ముందు పోటు లెక్క

మా బావ అమెరికాలో ఉంటాడు. పోయినేడు యూటా రాష్ట్రంలోని కాన్యన్‌ల్యాండ్స్ పార్కులో వైట్ రిమ్ రోడ్డు తిరిగొచ్చాడు. వంద మైళ్ల మట్టి, రాతి దారి. లో రేంజ్ గేరున్న (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఫోర్ బై ఫోర్ బండి (నాలుగు చక్రాలూ లాగేది) తప్పనిసరి, ముందే పర్మిట్ తీసుకోవాలి, దారి పొడుగునా తాగడానికి చుక్క నీళ్లు దొరకవు. ఆ ట్రిప్పుకి రాసుకున్న పట్టిక నాకు పంపి, "ఫిబ్రవరిలో వస్తున్నాను బావా, మన గోదావరి లంకల్లో ఇలాంటిదొకటి వేద్దాం, ప్లానింగ్ నీదే" అన్నాడు.

నేను భీమవరం వాణ్ణి. పట్టిక చూస్తే సగం మాకు అక్కర్లేదు. నీళ్లు మోయక్కర్లేదు, డీజిల్ క్యాన్లు అక్కర్లేదు, ఎక్కడ ఆగినా టీ కొట్టు ఉంటుంది. పార, తాడు, గాలి కొట్టే చిన్న పంపు, గాలి కొలిచే మీటరు మాత్రం రాసుకున్నాను. ఆ ఎడారి పట్టికలో లేనిది, మన డెల్టాకి మొట్టమొదట కావలసింది ఒకటుంది: పోటు (సముద్రం నీళ్లు పైకి ఎక్కడం), పాటు (వెనక్కి తగ్గడం) ఎప్పుడన్నది. సముద్రానికి దగ్గర్లోనే పుట్టి పెరిగిన నేను కూడా అది రాసుకోలేదు.

నెల ఎంచుకోవడంలో మాత్రం పొరపాటు చేయలేదు. జూలై, ఆగస్టుల్లో వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఆ ముచ్చట మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత రాకపోయినా ఏటా లంకలు మునుగుతూనే ఉంటాయి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. ఏప్రిల్ వస్తే దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ధాన్యం ట్రాక్టర్లు, పైన ఉక్కపోత. కాబట్టి ఫిబ్రవరే నయం. ఒక్కటే జాగ్రత్త, అంతర్వేది నరసింహస్వామి గుడి తీర్థం (ఉత్సవం) భీష్మ ఏకాదశికి. ఆ వారం చుట్టుపక్కల గది దొరకడం చాలా కష్టం. మేము తీర్థం అయ్యాక, మాఘ అమావాస్య వెళ్లిన రెండో రోజున బయలుదేరాం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువుంటుందని చిన్నప్పుడు తాతయ్య చెప్పిన మాట అప్పుడు గుర్తు రాలేదు.

బండి మా తమ్ముడి డీజిల్ థార్, ఫోర్ బై ఫోర్ జీపు. బావని రాజమండ్రిలో ఎక్కించుకుని ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలవ గట్టు పట్టుకుని లొల్ల లాకుల దాకా వెళ్లాం. దారి తారురోడ్డే, చిన్న కారు చాలు. అయినా కాటన్ దొర ఆనకట్ట కట్టించిన చోట మొదలుపెట్టి, ఆ నీళ్ల వెంటే సముద్రం దాకా పోవాలని నా పట్టుదల. ఆత్రేయపురంలో పూతరేకులు ఇంటి ముందు వేస్తున్నవాళ్ల దగ్గరే కొన్నాం. అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీకి ఆ ఆకు వాసన పట్టి ఉంటుంది, చట్నీ లేకుండా తిన్నా దిగుతుంది. పి.గన్నవరం అక్విడక్టు దగ్గర బావ చాలాసేపు నిలబడిపోయాడు. కింద గోదావరి పాయ వైనతేయ పారుతోంది, దాని మీదుగా పంట కాలవ. 1850ల్లో కట్టిన పాతదీ, దాని పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తదీ చూసుకోవచ్చు. ఆకలన్న ప్రతివాడికీ అన్నం పెట్టిన తల్లి పేరు, ఊళ్లకి నీళ్లిచ్చే వంతెనకి పెట్టడం నాకు ఎంతో బాగా నచ్చింది.

మొదటి రాత్రి దిండి వైపు, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున ఒక రిసార్టులో. పేరు రాయను. గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే నది. కానీ పొద్దున్నే ఆరింటికి బయలుదేరతామని ముందురోజే చెప్పినా, గేటు తాళం ఉన్న మనిషి ఏడున్నరకి వచ్చాడు. టిఫిన్ ఎనిమిదిన్నరకి గానీ లేదన్నారు. హౌస్‌బోటు ఎక్కి పడుకుందామని వచ్చేవాళ్లకి అక్కడంతా బాగానే ఉంటుంది. పొద్దున్నే దారి పట్టేవాళ్లు గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాత్రే కనుక్కుని పడుకోండి.

అంతర్వేదిలో దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు (గోదావరి సముద్రంలో కలిసే చోటు) చూసి, తూర్పువైపు సరుగుడు తోటల పక్కనుంచి ఇసుకలోకి దిగాం. టైర్లలో గాలి 32 పీఎస్ఐ నుంచి 18కి దించాం. గాలి తగ్గిస్తే టైరు అడుగు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం అమరిక), సెకండ్ గేరులో, బ్రేకు మీద కాలు పెట్టకుండా పోతే ఇసుక పెద్ద ఇబ్బంది పెట్టదు. ఆగాల్సి వస్తే ముందుకి పల్లంగా ఉన్న చోటే ఆగాలి.

అసలు ఇబ్బంది ఇసుకతో కాదు. ఒక చిన్న ఉప్పుటేరు పాయ అడ్డం వచ్చింది. నీళ్లు లేవు, నేల ఎండి నెర్రెలిచ్చి, పైన తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. బావ దిగి కాలితో తొక్కి చూశాడు, గట్టిగానే ఉంది. మనిషి బరువుకి గట్టిగా ఉన్న నేల రెండు టన్నుల బండికి అలాగే ఉంటుందని అనుకోవడం మా తప్పు. పది గజాలు వెళ్లామో లేదో ముందు చక్రాలు అప్పడం విరిగినట్టు పైపెచ్చు పగలగొట్టుకుని దిగబడ్డాయి. కింద నల్లటి ఒండ్రు, కుళ్లిన ఆకు వాసన. లో రేంజ్ వేసినా చక్రం తిరిగిన కొద్దీ లోపలికే పోయింది. దిగి చూస్తే గాడిలో బుడగలు. సముద్రం ఇంకా ఎంతో దూరంలో ఉంది, నీళ్లు మాత్రం చక్రాల చుట్టూ కింది నుంచి ఊరుతున్నాయి. పోటు మొదలైందని నాకు అప్పుడు తెలిసింది. ఎర్ర పీతలు బొరియల్లోంచి బయటికొచ్చి పై ఒడ్డుకి పరిగెడుతున్నాయి. బావ ముఖంలో టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

వల బాగుచేసుకుంటున్న ఒకాయన మమ్మల్ని చూసి వచ్చాడు. "ఆయ్, ఇటెందుకొచ్చారండీ బాబూ, మొన్నేగా అమాస వెళ్లింది. గంటలో ఇక్కడ మొలలోతు నీళ్లుంటాయండి" అన్నాడు. మాట్లాడుతూనే సరుగుడు తోటలో ట్రాక్టరున్న కుర్రాడికి ఫోన్ చేశాడు. ఆ లోపు మా చేత రాలిన కొబ్బరి మట్టలు మోయించాడు. మట్ట ఈనె పైకి పెట్టకూడదట, బోర్లించి, ఆకు చక్రం కిందికి పోయేలా దోపాలట. మేము తెచ్చిన పారతో తవ్వుతుంటే తవ్విన గుంట తవ్వినట్టే పూడిపోతోంది. ట్రాక్టరు గట్టి ఇసుక మీదే నిలబడి, పొడుగు తాడుతో వెనక్కి లాగింది. వచ్చిన గాడిలోనే వెనక్కి రావాలి, పక్కకి తిప్పితే మళ్లీ దిగబడుతుంది. ముప్పావు గంట పట్టింది. డబ్బులిస్తే ఆ కుర్రాడు డీజిల్‌కని ఐదొందలు తీసుకున్నాడు, పెద్దాయన ఏమీ తీసుకోలేదు. మేము పైకి చేరి టీ తాగేలోపు ఆ పాయ నిండింది.

కాబట్టి దారిలో మాకందిన సేవల్లో నా మొదటి మార్కు ఆ ట్రాక్టరుకే. తీరం వైపు వెళ్లేవాళ్లు ముందు ఊళ్లో ఆగి ట్రాక్టరు ఎవరికుందో కనుక్కుని, నంబరు తీసుకుని దిగండి. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ఒక రోజుకీ మరో రోజుకీ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వేటకెళ్లే ఎవర్ని అడిగినా ఆ రోజు లెక్క చెబుతారు.

తాబేళ్ల సంగతి కూడా చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి, పోటు అందని మెత్తటి ఇసుకలోనే. మేము పగలే, నీటి అంచు దగ్గరే నడిపాం. అయినా ఇంటికొచ్చాక మనసొప్పలేదు. ఇక ఈ మూడు నెలల్లో నేను ఇసుక మీదికి బండి దింపను. ఏటిగట్టు విషయమూ అంతే. గట్టు తడిగా ఉన్నప్పుడు ముళ్ల టైర్లతో ఎక్కకండి. మనం చేసిన గాడిలో వాన నీళ్లు నిలిస్తే గట్టు బలహీనపడేది అక్కడే, వరదొస్తే కొట్టుకుపోయేది ఆ కింద ఉన్నవాళ్ల ఇళ్లు.

ఆ సాయంత్రం బురద బట్టలతోనే సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని కూడా ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురంలో మా పిన్ని ఇంటికి పోయాం. చించినాడ వంతెన మీద చుట్టు తిరిగి పోవడం కంటే పంటు ఎంతో దగ్గర. బల్లల మీదుగా బండి ఎక్కించేటప్పుడు డ్రైవరు తప్ప అందరూ దిగిపోవాలి, ఎక్కించాక హ్యాండ్ బ్రేకు వేసి గేరులో ఉంచాలి. పంటు వాళ్లు చెయ్యి ఊపిన వైపే స్టీరింగ్ తిప్పితే చాలు. పిన్ని మమ్మల్ని వీధిలోనే నిలబెట్టి బిందెలతో నీళ్లు పోసింది. రాత్రి చింతకాయ వేసిన చేపల పులుసు. మూడు రోజుల్లో ఇంతకంటే మంచి బస లేదు.

మూడో రోజు తారురోడ్డే. పాలకొల్లు, చించినాడ వంతెన, అమలాపురం, మురమళ్ల మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం. పుదుచ్చేరి పన్నులు కాబట్టి డీజిల్ అక్కడ చవక, ట్యాంకు అక్కడే నింపుకోవాలి. కోరంగి మడ అడవిలో మన బండికి పని లేదు, చెక్కల దారి మీద నడవాలి, లేదా పడవ ఎక్కాలి. ఈసారి ముందే ఫోన్ చేసి పోటు వేళ కనుక్కుని వెళ్లాం, పాయలో నీళ్లుంటేనే పడవ లోపలి దాకా పోతుంది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్లని బావ వంగి చాలాసేపు చూశాడు. బావురుపిల్లి కనిపిస్తుందని ఆశపడ్డాం, కనబడలేదు.

కాకినాడలో బండిని లిఫ్టు ఎక్కించి కింద మంచినీళ్లతో రెండుసార్లు కడిగించాం. ఉప్పునీళ్లు తగిలిన ఇనుము వారంలో తుప్పు మొదలెడుతుంది, ఆ పని వాయిదా వెయ్యకూడదు. ఛాసిస్ సందులోంచి ఇంకా కొబ్బరాకు ముక్కలు రాలుతూనే ఉన్నాయి. బావ ఫోన్‌లో తన పట్టిక తెరిచి, పర్మిట్ అన్న గడి పైన కొత్త గడి చేర్చి తెలుగులో టైపు చేశాడు: పోటు, పాటు, తిథి.