ఐదు నెలలు, ఐదు ఆటలు: కత్తెర ఎక్కడ పడింది?

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నెలకో ఆట అని గుంటూరు డెల్టాలో కరపత్రం పంచిన నాటక సమాజం పేరు, అది అందుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాయబారం, హరిశ్చంద్ర, వరవిక్రయం, కన్యాశుల్కం, చివర ఏప్రిల్ 16న రెండు నాటికలు. విడి టికెట్టు 150, సీజను పాసు 500, నాటికల రోజు ఉచితం. ఎంపికకు వంక పెట్టడానికి లేదు. చూడాల్సింది కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ముక్క: ప్రతి ప్రదర్శనా రెండున్నర గంటలే. ఒకప్పుడు తెల్లవార్లూ ఆడిన వాటిని రెండున్నర గంటల్లో ఇరికించాలంటే కత్తెర పడక తప్పదు. ఏ నాటకం కోతకు ఓర్చుకుంటుంది, ఏది ఓర్చుకోదు అన్నది తెలిస్తే పాసు కొనాలో విడి టికెట్టు కొనాలో తేలిపోతుంది.

రాయబారంతో మొదలుపెట్టడం తెలివైన పని. దీనికి మూలం తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగం, పాండవ విజయం అనే రెండు నాటకాలు. ఊళ్లలో ఆడేది వాటిలోంచి ఏరుకున్న సీన్లనే. పడక సీను దేనికది, కౌరవ సభ దేనికది. మధ్యలో ఏం తీసేసినా కథ తెలియని ప్రేక్షకుడంటూ ఉండడు కాబట్టి ఇక్కడ కోతకు నెత్తురు చుక్క రాదు. పేచీ అంతా పాత్రధారుల పట్టికతోనే. ముగ్గురు కృష్ణుల పేర్లు వేశారు. ఒక్క గొంతు తెల్లవార్లూ ఆరు శ్రుతి అంత పైస్థాయిలో నిలవదు కాబట్టి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పంచుకోవడం మొదలైంది. రెండున్నర గంటల ఆటకు ముగ్గురెందుకు? ఇద్దరు చాలు. కృష్ణుడు మారినప్పుడల్లా శ్రుతి మారుతుంది. ఆరులో పాడేవాడు దిగి నాలుగున్నరలో పాడేవాడు ఎక్కితే హార్మోనియం వాయించే ఆయనకు పెద్ద ఇబ్బంది లేదు, మెట్లు మార్చుకుంటాడు. తబలాకు ఆ వీలు లేదు. కుడి చేతి తబలాలు రెండు ఉంచుకోవాలి, లేదా సుత్తి పట్టుకుని అక్కడికక్కడ దించుకోవాలి. తెర వెనక టకటకమని సుత్తి దెబ్బలు వినిపిస్తుంటే పడక మీద కృష్ణుడు నిద్ర నటించడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు.

ఇంతకీ ఈ ఆటలో కత్తెర పద్యానికి కాదు, రాగానికి వేయాలి. ఆలాపనతో కలిపి పద్యానికి మూడు నిమిషాలు వేసుకోండి, ముప్ఫై పద్యాలకు గంటన్నర. అందులో ఒక్కో పద్యం నుంచి నిమిషం రాగం తగ్గిస్తే అరగంట మిగులుతుంది, సంభాషణలకు ఊపిరాడుతుంది. నాలుగు పద్యాలు ఎత్తేసి మిగిలినవాటికి రాగం సాగదీస్తే ఆట ముందుకు కదలదు. మంచి గాయకుణ్ని పోల్చుకోవడానికి ఒక్క పాదం చాలు. 'జెండాపై కపిరాజు ముందు సితవాజిశ్రేణియుం గూర్చి నే' అన్నది శార్దూలం. యతి పదమూడో అక్షరం మీద, అంటే 'వాజి'లో 'జి' మీద పడుతుంది. యతి దగ్గర ఆగాలని బడిలో నేర్చుకున్న మాటను పట్టుకుని అక్కడ ఆగితే 'సితవా' అని ఒక ముక్క, 'జిశ్రేణి' అని ఇంకో ముక్క అవుతుంది. తెల్ల గుర్రాలు కాస్తా రెండుగా తెగిపోతాయి. తెలిసినవాడు 'కపిరాజు' దగ్గర ఊపిరి తీసుకుని 'సితవాజిశ్రేణి'ని ఒక్క దమ్ములో లాగేస్తాడు. డిసెంబరు ఆటలో సభ సీను కృష్ణుడు ఈ పాదం ఎక్కడ విరుస్తాడో గమనించండి, ఆ తర్వాత పద్యాలన్నీ ఎలా ఉండబోతాయో తెలిసిపోతుంది.

మైకుల సంగతి. కరపత్రంలో 'కాలర్ మైకుల సదుపాయం' అని గొప్పగా వేశారు. సాంఘికానికి అవి బాగానే ఉంటాయి. పౌరాణికానికి మాత్రం అవే శత్రువులు. హారాలు, భుజకీర్తులు మైకుకు రాసుకుని ప్రతి కదలికకూ బరబరమంటాయి, చెమటకు మధ్యలో మూగబోతాయి, రాగం పైస్థాయికి పోగానే గొంతు చీలినట్టు వినిపిస్తుంది. వేదిక ముందంచున మూడు నిలువు మైకులు, పై నుంచి వేలాడే మైకు ఒకటి ఉంటే చాలు. పద్యానికి నటుడు మైకు దగ్గరికి వచ్చి పాడి వెనక్కి వెళ్లడం ఈ నాటకాల నడకలోనే ఉంది. హార్మోనియానికి వేరే మైకు పెట్టి, దాని శబ్దం గొంతు కంటే ఒక పాలు తగ్గించి ఉంచాలి. ఈసారి హార్మోనియం బదులు కీబోర్డు అని కూడా విన్నవాళ్లున్నారు. శ్రుతి ఒక్క బొత్తంతో మారుతుంది, నిజమే. కానీ గాయకుడు రాగం పెంచినకొద్దీ తిత్తి నొక్కుడు పెంచి వెంట నడవడం కీబోర్డుకు రాదు. అది రాని చోట పద్యం ఒంటరిదవుతుంది.

హాల్లో నాలుగో వరుస నుంచి ఏడో వరుస మధ్యలో కూర్చోండి. వేదిక ఎత్తు మూలంగా మొదటి రెండు వరుసలకు నటుల పాదాలు కనపడవు, పైగా రెండు మూలల్లోని డబ్బా స్పీకర్లు చెవుల పక్కనే. పన్నెండో వరుస దాటితే బాల్కనీ కింద మాట ముద్దయిపోతుంది.

జనవరి హరిశ్చంద్ర పూర్తి నాటకం కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో వారణాసి, కాటి సీను మాత్రమే ఆడుతున్నారు. సబబే. అయితే వారణాసి బరువు హరిశ్చంద్రుడి మీద కన్నా నక్షత్రకుడి మీద ఉంటుంది. భార్యనూ కొడుకునూ అమ్ముకునే సీను అంతసేపు చూడగలగడానికి కారణం అతని పీడింపులోని హాస్యం. నక్షత్రకుడు కోతిచేష్టలకు దిగితే విషాదం పోతుంది, మరీ బిగుసుకుంటే జనం టీకి లేచి పోతారు. కాటి సీనులో జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కలిపి పాడటం ఎప్పటినుంచో వస్తున్న అలవాటు. 'ఇచ్చోటనే' అని ఎత్తుకోగానే హాలు నిశ్శబ్దమవుతుంది. అవి బలిజేపల్లివి కావు, తీసేయాలనే పట్టుదల ఉన్నవాళ్లు ఉన్నారు గానీ ఆ మాట ప్రేక్షకుడు ఒప్పుకోడు. ఇక్కడ కత్తెర పెట్టాల్సింది పొగకు. పొగ యంత్రాన్ని పాడేవాడి పక్క వింగులో పెడితే రెండో పద్యానికి గొంతు ఎండి దగ్గు మొదలవుతుంది. వెనక తెర దగ్గర పెట్టి, సీను తెరవడానికి ఐదు నిమిషాల ముందే వదిలి ఆపేయాలి. లైట్లు కూడా. తెల్లటి ఎల్ఈడీ కింద రంగు పూసిన ముఖాలు పాలిపోయి, బుగ్గల ఎరుపు ఊదాగా కనపడుతుంది. కాటికి ఫర్వాలేదు, కౌరవ సభకు మాత్రం లైట్ల ముందు పసుపు జెల్ కాగితం వేయించాలి.

ఫిబ్రవరి వరవిక్రయం ఈ సీజనుకు వెన్నెముక. ఒక్క ఆటకే వెళ్లగలిగితే దీనికే వెళ్లండి. కాళ్లకూరి నారాయణరావు రాసిన ఈ నాటకానికి పెద్ద సెట్టు అక్కర్లేదు, కిరీటాలు అక్కర్లేదు. పురుషోత్తమరావు ఇల్లు, సింగరాజు లింగరాజు ఇల్లు ఉంటే సగం పని అయిపోయినట్టే. లింగరాజు పిసినిగొట్టుతనానికి నవ్వుతూ నవ్వుతూ ఉన్నవాళ్ల మీద పురుషోత్తమరావు పెద్దకూతురు కాళింది చావు వచ్చి పడాలి. అందుకని ఆ ముందు సీను హాస్యాన్ని కోస్తే దెబ్బ తగలదు. ఆ తప్పు చాలామంది చేస్తారు, 'గంభీరంగా ఉండాలి' అని. అసలు పదును ఆమె చెల్లెలు కమల మాటల్లో ఉంది. కట్నం పోసి కొన్న మొగుడు కొన్నవాళ్ల ఇంటికే రావాలన్న ఆ వాదన కోర్టులో నిలబడాలంటే కట్నం బేరం సీను మొత్తం ముందే జనం వినివుండాలి. అంకెలతో సహా. బేరం కోస్తే కోర్టు ఉత్త ఉపన్యాసం. ఈ సమాజం పోయినసారి ఆడిన ప్రతిలో బేరం సీను నిండుగా ఉంది, అది మార్చకపోతే చాలు. అదే రచయిత చింతామణి ఈ పట్టికలో లేదేమని అడిగేవాళ్లకు: సుబ్బిశెట్టి పాత్ర మీద వచ్చిన అభ్యంతరాలతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

మార్చి కన్యాశుల్కం దగ్గర జాగ్రత్త. 1892లో విజయనగరంలో మొదట ఆడారు గానీ ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నది గురజాడ బాగా పెంచి రాసిన 1909 నాటి కూర్పు. ఏడంకాలు. యథాతథంగా ఆడితే ఒక రాత్రి చాలదు. అందుకే నటుడు జె.వి. రమణమూర్తి కుదించి ఆడిన తీరును చాలామంది అనుసరిస్తారు. ఈ సమాజం సొంతంగా కుదించుకుంది. గిరీశం, వెంకటేశం సీన్లు దాదాపు మొత్తం ఉంచారు, ఎందుకంటే వాటికి చప్పట్లు గ్యారంటీ. 'నాతో మాట్లాడటమే ఒక ఎడ్యుకేషన్' అనగానే వెనక వరుసవాళ్లు కూడా కలిసి అంటారు. కోత పడింది కంటె మీద, అంటే మధురవాణి మెడ నగ కథ మీద. ఇది మాత్రం ఒప్పుకోలేం. లుబ్ధావధాన్లు పెళ్లిలో పెళ్లికూతురి మెడలోకి వెళ్లిన మధురవాణి కంటె మాయం కావడం, ఆమె రామప్పంతుల్ని నిలదీయడం, ఆయన వెళ్లి లుబ్ధావధాన్లు మీద పడటం, నాటకం రెండో సగాన్ని నడిపే తాడు అదే. అది తెగితే మధురవాణి చివర సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో ఎందుకు వెళ్లిందో ఆ గుమ్మం ముందు ప్రేక్షకుడికి సగమే అర్థమవుతుంది. తీయాల్సిందేదైనా ఉంటే గిరీశం మొదటి స్వగతంలో సగం తీయొచ్చు.

సమయం పోయేది మాటల దగ్గర కాదు, లైట్లు ఆర్పి సామాను మార్చే దగ్గర. పన్నెండు మార్పులు, మార్పుకు రెండు నిమిషాలు, అంటే ఇరవై నాలుగు నిమిషాలు చీకట్లో కుర్చీల చప్పుడు వినడం. దీనికి పాతవాళ్ల మందు ఇప్పటికీ పనిచేస్తుంది: ముందు వీధి తెర దించి దాని ముందర చిన్న సీను నడుపుతుంటే వెనక ఇల్లు మారిపోతుంది. కన్యాశుల్కంలో దారి మీద జరిగే మాటలకు కొదవ లేదు. ఆ ఇరవై నాలుగు నిమిషాలు తిరిగొస్తే కంటె మొత్తం పట్టేస్తుంది.

యాస విషయం కూడా చెప్పాలి. గుంటూరు నాలుకకు విజయనగరం మాట ఒక్క నెలలో రాదు. రాని యాసను వెక్కిరింపుగా పలికే కన్నా మన మాటలోనే నిదానంగా పలకడం మేలు. గిరీశం ఇంగ్లీషు మాత్రం బడిపుస్తకంలోంచి వల్లించినట్టు ఉండాలి, ఇప్పటి కాన్వెంటు ఇంగ్లీషులో పలికితే వాడి డాబు కాస్తా చదువు అయిపోతుంది. ఇక చివరి మాట. 'డామిట్! కథ అడ్డంగా తిరిగింది' అన్న వెంటనే దీపం ఆరాలి. తెర లాగేవాడు రెండు సెకన్లు ఆలస్యం చేస్తే గిరీశం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోతాడు. రిహార్సల్లో ఈ ఒక్క క్షణాన్ని పదిసార్లు చేసుకోవాలి.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆరోజు రెండు నాటికలు. పరిషత్తుల నాటిక పోటీల కోసం రాసుకున్నవి కాబట్టి ఒక్కోటి గంటలోపు అయిపోతాయి, వాటికి కోత గొడవ లేదు. కొత్త పిల్లలు ఆడుతున్నారు, చూడదగ్గవే.

అన్ని ఆటలకూ వర్తించే గండం ఒకటుంది, సన్మానాలు. కరపత్రంలో ఆరున్నర అని ఉంటుంది, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, దాతల ప్రసంగాలు అయ్యేసరికి ఏడుంపావు. రెండో గండం మధ్యలో చదివింపులు. కృష్ణుడికి ఐదువందల నోటు గుచ్చడానికి ఒకాయన వేదిక ఎక్కడం, మైకులో ఆయన తండ్రిగారి పేరుతో సహా చదవడం, ఆ పైన వన్స్‌మోర్. రెండున్నర గంటల లెక్క అక్కడే మూడుంబావు అవుతుంది, మరుసటి నెల కత్తెర ఇంకొంచెం లోపలికి దిగుతుంది. సన్మానాలన్నీ ఆట అయ్యాక పెడితే సగం దండలు మిగిలిపోతాయని నిర్వాహకుల భయం. అది వాళ్ల భయం, టికెట్టు మనది.

కొనేవాళ్లకు లెక్క: వరవిక్రయం, రాయబారం విడి టికెట్లు కలిపి 300. మూడోది హరిశ్చంద్ర కలిపినా 450, పాసు కన్నా తక్కువే. కన్యాశుల్కం కూడా చూస్తేనే పాసు గిట్టుబాటు, కాబట్టి కంటె తిరిగి నాటకంలోకి వచ్చిందో లేదో ఫిబ్రవరి ఆట రోజున కౌంటరు దగ్గర అడిగి మార్చి టికెట్టు విడిగా తీసుకోండి. ఏడుంపావుకు మొదలైతే పదిన్నర దాటుతుంది. పల్లెలకు ఆఖరి బస్సు పట్టుకోవాల్సినవాళ్లు పక్క తలుపు వైపు కుర్చీ చూసుకోవడం మంచిది.