ఆరేళ్ళుగా వాడుతున్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్: కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుంది?

కరెంటు పోయినా నా కంప్యూటర్ ఆగదు. కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు అందించే ఈ డబ్బాలో, అంటే ఎస్ఎంపీఎస్‌లో, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఇది రాయడానికి కారణం కూడా అదే. 550 వాట్లు, గోల్డ్ రేటింగ్, సగం మాడ్యులర్ కేబుళ్ళు వగైరా ఏ దుకాణం సైటులో చూసినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ పేరూ రాయడం లేదు. ఈ మోడల్ ఇప్పుడు మార్కెట్లో లేదు, పైగా నేను చెప్పేది ఏ కంపెనీ డబ్బాకైనా వర్తిస్తుంది.

నేను ఉండేది చెన్నై సాలిగ్రామంలో. పెళ్ళి వీడియోలు, కొన్ని తెలుగు యూట్యూబ్ ఛానళ్ళకు ఎడిటింగ్, అప్పుడప్పుడు డబ్బింగ్ స్టూడియోల నుంచి వచ్చే చిల్లర పనులు చేస్తుంటాను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, మెయిన్స్ లాంటి నునుపైన కరెంటు ఇచ్చే సైన్ వేవ్‌దే. కరెంటు పోతే లైట్లు ఒకసారి మినుకుమంటాయి, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. నా పాత కంప్యూటర్ మాత్రం ప్రతిసారీ రీస్టార్ట్ అయ్యేది. దానిలో ఉన్నది కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్. మీద 450 వాట్లని రాసి ఉండేది గానీ, చేతిలోకి తీసుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బా బరువు కూడా ఉండేది కాదు.

2019 చివర్లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డుతో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేసుకున్నాను. రిచీ స్ట్రీట్‌లో దుకాణాయన, ఈ కార్డుకు 800 రూపాయల లోకల్ ఎస్ఎంపీఎస్ "పోదుం సార్" (సరిపోతుంది సార్) అన్నాడు. వాట్ల లెక్కలో ఆయన మాట నిజమే. కార్డు 75 వాట్లు, ప్రాసెసర్ 65. అయినా 7,000కు కొంచెం తక్కువ పెట్టి నేను ఇదే తీసుకున్నాను. మొదటి వారంలోనే కరెంటు పోయింది. టైమ్‌లైన్ మీద కర్సర్ ఎక్కడుందో అక్కడే ఉంది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పాత సిస్టమ్‌తో రోజుకు ఎన్నిసార్లు కంట్రోల్ ఎస్ నొక్కేవాణ్ణో తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇన్వర్టర్ ఉండగా కంప్యూటర్ ఎందుకు ఆగుతుందని చాలామంది అడుగుతారు. మెయిన్స్ పోయాక ఇన్వర్టర్ బ్యాటరీకి మారేలోపు కొన్ని మిల్లీసెకన్లు లైన్లో కరెంటు ఉండదు. ఫ్యానుకు అది పట్టదు, ఎస్ఎంపీఎస్‌కు పడుతుంది. దాని లోపల చార్జ్ నిల్వ ఉంచుకునే ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్) ఉన్న రకాల్లో అది దాదాపు 380 వోల్టుల దాకా నిండి ఉంటుంది. కరెంటు తెగిన క్షణం నుంచి మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్కులు అన్నీ ఆ నిల్వ మీదే నడుస్తాయి. నిల్వ అడుగంటుతోందంటే ఎస్ఎంపీఎస్ 'పవర్ ఓకే' అనే సిగ్నల్ ఆపేస్తుంది. 24 పిన్ల కనెక్టర్‌లో బూడిద రంగు వైరు దీనిదే. అది ఆగగానే మదర్‌బోర్డు రీసెట్ అవుతుంది. ఎస్ఎంపీఎస్ ఇలా నిలబెట్టగలిగే సమయాన్ని హోల్డప్ టైమ్ అంటారు. ఎస్ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ఇంటెల్ ఏటీఎక్స్ డిజైన్ గైడ్ సుమారు 16 మిల్లీసెకన్లు అడుగుతుంది. మన 50 హెర్ట్జ్ లైన్లో ఒక సైకిల్‌కే 20 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే గైడ్ అడిగేది ఒక్క సైకిల్ కూడా కాదు.

గోల్డ్ స్టిక్కర్‌కు దీనితో సంబంధం లేదు. ఆ గోల్డ్, బ్రాంజ్ రేటింగులు ఇచ్చే 80 ప్లస్ పరీక్ష చూసేది ముఖ్యంగా ఎంత కరెంటు వేడిగా వృథా అవుతోందన్నది. గోల్డ్ అయి ఉండి హోల్డప్‌లో తేలిపోయేవి ఉన్నాయి, బ్రాంజ్ అయి ఉండి గట్టిగా నిలబడేవీ ఉన్నాయి. డబ్బా మీద ఈ అంకె వేసేవాళ్ళు అరుదు. దుకాణంలో అడిగితే మొహం చిత్రంగా పెడతారు.

నాలుగేళ్ళ దాకా ఈ ఎస్ఎంపీఎస్ గురించి నేను మాట్లాడింది పొగడ్తే. తెలిసినవాళ్ళలో సిస్టమ్ కట్టుకుంటున్న ప్రతివాళ్ళకూ ఇదే చెప్పాను. 2023లో ప్రాసెసర్ మార్చి రైజెన్ 9 5900ఎక్స్ పెట్టాను, కార్డు మార్చి ఆర్‌టీఎక్స్ 3060 టీఐ పెట్టాను. వాట్లు కూడి చూస్తే 550 సరిపోతుంది, ఎస్ఎంపీఎస్ మార్చక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన మే నెలలో ఒక ఒంగోలు పెళ్ళి వీడియో తెల్లారేసరికి పంపాలి. ఫోర్‌కేలో మూడు గంటల నిడివి. రాత్రి పదకొండుకు ఎక్స్‌పోర్ట్ పెట్టి భోజనానికి లేచాను. కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పక్క గదిలో టీవీ మోగుతూనే ఉంది, నా మానిటర్ మీద మాత్రం మదర్‌బోర్డు లోగో! సగం రాసిన ఫైలు తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టాను. అర్ధరాత్రి దాటాక మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ లోగో. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'కెర్నల్ పవర్ 41' అని కనిపించింది. దాని అర్థం సిస్టమ్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ఆ ముక్క నాకూ తెలుసు. చివరికి వీడియోను నాలుగు ముక్కలు చేసి విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేసి కలిపాను. పెళ్ళివారికి మధ్యాహ్నానికి గానీ చేరలేదు. పెళ్ళికొడుకు మేనమామ ఫోన్లో ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

సలహాలకు కొదవ లేదు. వడపళనిలో కలర్ గ్రేడింగ్ చేసే మా బావమరిది "ర్యామ్ తీసి తుడిచి పెట్టు బావా, అదే అయ్యుంటుంది" అన్నాడు. దుకాణంలో 850 వాట్లది తీసుకోమన్నారు. ప్లగ్గుకు తగిలించే వాట్ మీటర్ పెట్టి చూస్తే ఎక్స్‌పోర్ట్‌లో సుమారు 430 వాట్లు, మామూలు ఎడిటింగ్‌లో 165 చూపించింది. గోడ దగ్గర 430 అంటే లోపల ఎస్ఎంపీఎస్ ఇస్తున్నది 400 లోపే. 550 వాట్ల డబ్బాకు అదేమీ మోయలేని బరువు కాదు. ఆదివారం పొద్దున ఇంటి మొత్తానికి కరెంటు ఆపే మెయిన్ ఎంసీబీ దించి చూశాను. ఎడిటింగ్ తెరిచి ఉంచి దించితే ఏమీ కాలేదు. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా దించితే రీస్టార్ట్. ఎన్నిసార్లు దించినా అదే వరస. అంటే ర్యామూ కాదు, వాట్లూ కాదు. కెపాసిటర్‌లో నిల్వ ఎప్పుడూ అంతే, దాన్ని తాగేవాళ్ళు పెరిగారు.

ఈ మోడల్‌ను విప్పి చూసిన సమీక్షల్లో కెపాసిటర్ మీద 390 మైక్రోఫారడ్లు, 400 వోల్టులు అని ఉంది. (మీది మీరు విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులో ప్రాణం తీసేంత చార్జ్ ఉండవచ్చు.) 300 వోల్టుల కిందికి పోతే ఎస్ఎంపీఎస్ నిలబెట్టలేదనుకుంటే, 380 నుంచి 300కు దిగేలోపు అది ఇచ్చేది పదిన్నర జౌల్స్. ముతక లెక్కే, కానీ చూడండి. 165 వాట్లు లాగుతుంటే ఆ నిల్వ 64 మిల్లీసెకన్లు వస్తుంది. నా పాత ప్రాసెసర్, పాత కార్డు ఎక్స్‌పోర్ట్‌లో 220 లాగేవి, అప్పుడు 48. ఇప్పటి 430కి 25 కూడా రాదు. ఇన్వర్టర్ మాన్యువల్ తీస్తే మారడానికి పట్టే సమయం యూపీఎస్ మోడ్‌లో 10 మిల్లీసెకన్ల లోపు, నార్మల్ మోడ్‌లో 40 దాకా అని ఉంది. మాది నార్మల్‌లో ఉంది. 48 నలభైకి పైన, 25 నలభైకి కింద. నాలుగేళ్ళ సంతోషానికీ ఆ మే నెల రాత్రికీ మధ్య ఉన్న తేడా అంతే.

కాబట్టి నేను అందరికీ చెప్పిన మాటకు చిన్న షరతు చేర్చాలి. కరెంటు పోతే ఇది నిలబడుతుంది, లోడు తక్కువగా ఉంటే. డిజైన్ గైడ్ అడిగినదాని కంటే ఇది ఎక్కువే ఇస్తోంది కాబట్టి దాన్ని తిట్టడానికీ లేదు.

ఇక ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌కు మారిస్తే సరిపోతుంది కదా అంటారు. మార్చాను, ఎక్స్‌పోర్ట్‌లోనూ రీస్టార్ట్ ఆగిపోయింది. మా ఇంట్లో రెండు వారాలు పండగే. కానీ మాన్యువల్‌లో ఇంకో వరుస ఉంది. నార్మల్ మోడ్‌లో లైన్ 100 నుంచి 290 వోల్టుల మధ్య ఎంత ఉన్నా ఇన్వర్టర్ అలాగే లోపలికి పంపుతుంది. యూపీఎస్ మోడ్‌లో 180 నుంచి 260 మధ్య ఉంటేనే పంపుతుంది, లేకపోతే బ్యాటరీకి మారిపోతుంది. ఎండాకాలం సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఆన్ అయితే మా లైన్ 175 దగ్గర ఊగుతుంది. కరెంటు ఉండగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు పోయి, తీరా రాత్రి నిజంగా కరెంటు పోయేసరికి బ్యాటరీ ఖాళీ. మా అత్తగారు ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే "మీ కంప్యూటర్ కోసం మేం ఉక్కపోతలో ఉండాలా అల్లుడుగారూ?" అని నవ్వుతూనే అడిగారు. ఆ నవ్వు చూశాక స్విచ్ మళ్ళీ నార్మల్‌కు వచ్చింది.

అక్కడి నుంచి దారి బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, దొరికింది. రైజెన్‌కు తక్కువ కరెంటుతో నడిచే ఎకో మోడ్ ఉంది. 5900ఎక్స్ మామూలుగా 142 వాట్ల దాకా తీసుకుంటుంది, ఎకో 65లో 88 దాటదు. గ్రాఫిక్స్ కార్డుకు కూడా సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించాను, 200 నుంచి 140కి. గోడ దగ్గర మీటరు 430 నుంచి 305కు వచ్చింది. లెక్కలో హోల్డప్ 34 దాకా పెరిగింది. గంట ఎక్స్‌పోర్ట్‌కు కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతోంది, అంతే. గదిలో వేడి తగ్గడం అనుకోని లాభం. 34 కూడా నలభైకి తక్కువే కదా అంటే, మాన్యువల్‌లో ఉన్నది గరిష్ఠం. మా ఇన్వర్టర్ సాధారణంగా అంతకంటే ముందే మారుతున్నట్టుంది, ఎంసీబీ దించి చూసినప్పుడల్లా సిస్టమ్ నిలబడింది. నిజంగా ముఖ్యమైన డెలివరీ ఉన్న రాత్రి మాత్రం, మే నెల కాకపోతే, ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్‌కు తోసి పని అయ్యాక మళ్ళీ దించుతాను. మా ఇంట్లో ఒప్పందం అదీ.

ఈ 34 ఎల్లకాలం 34గా ఉండదు. ఆ పెద్ద కెపాసిటర్ లాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వయసుతో కొంత సామర్థ్యం కోల్పోతాయి. పనిచేసే వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందనేది ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న లెక్క. చెన్నైలో, ఏసీ లేని గదిలో ఆరేళ్ళు పనిచేసిన డబ్బా ఇది. మొదట్లో నేను మెచ్చుకున్న ఇంకో సంగతి, లోడు తక్కువగా ఉంటే ఎస్ఎంపీఎస్ ఫ్యాను పూర్తిగా ఆగిపోవడం, ఇప్పుడు అంత నచ్చడం లేదు. స్విచ్ నొక్కి ఫ్యానును ఎప్పుడూ తిరిగేలా పెట్టేశాను. చప్పుడు సీలింగ్ ఫ్యాను కింద వినబడదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎస్ఎంపీఎస్ వెనక్కి ఇచ్చేసినవాళ్ళను చూశాను. పాత అద్దె ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, లోపల ఎర్త్ వైరు ఉండదు. ఎస్ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఉన్న ఫిల్టర్ కెపాసిటర్లు లైన్‌కూ న్యూట్రల్‌కూ మధ్యలో కేబినెట్‌ను కూర్చోబెడతాయి, అందుకే చెప్పుల్లేకుండా ముట్టుకుంటే ఆ జివ్వు. కొత్తది కొన్నా అదే వస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి.

ఇలాంటిది కొనాలా అంటే, మీ ఇంట్లో ఏముందో చూడాలి. బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా పిన్ని కొడుకు అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది, అది అందుకోవడానికి సెకన్లు పడుతుంది. అక్కడ ఎంత గొప్ప ఎస్ఎంపీఎస్ అయినా పడిపోతుంది, విడిగా యూపీఎస్ పెట్టాల్సిందే. అదీ 600 వీఏ అని చూసి కొంటే చాలాసార్లు అసలు ఇచ్చేది 360 వాట్లే, నా మొదటి 430కి అది చాలదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే ఇంకో తలనొప్పి, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొన్ని డబ్బాలు దాని మీద గుయ్యిమంటాయి, కొన్ని ఆగిపోతాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండి, మధ్య రకం కార్డు వాడే నాలాంటి వాళ్ళకైతే హోల్డప్ బాగున్న 550 వాట్లది చాలు. గేములు మాత్రమే ఆడేవాళ్ళకు ఇంత చాదస్తం అక్కర్లేదేమో, రీస్టార్ట్ అయితే మళ్ళీ ఆడుకోవచ్చు.

నాది ఏడేళ్ళ వారంటీ, ఇంకా కొంత మిగిలి ఉంది, ఇప్పట్లో మార్చను. తర్వాతి కార్డు 16 పిన్ల కనెక్టర్‌తో వస్తే అప్పుడు దానికి సరిపడే కొత్త ఏటీఎక్స్ 3 రకం చూస్తాను. ఎస్ఎంపీఎస్‌లను పరీక్షించే సైబెనెటిక్స్ ల్యాబ్ రిపోర్టుల్లో హోల్డప్ టైమ్ మిల్లీసెకన్లలో ఉంటుంది, 230 వోల్టుల మీద కొలిచినది చూసుకోవాలి. అది 20 దాటకపోతే నాకు 1000 వాట్లది సగం ధరకు ఇచ్చినా వద్దు.