రన్నింగ్ కొలతల షాప్ డ్రాయింగులు: మార్కింగ్ చేసేవాళ్ల వైపు నుంచి

వరంగల్ ములుగు రోడ్డు పారిశ్రామిక ప్రాంతంలో రైస్ మిల్లులకు, జిన్నింగ్ మిల్లులకు షెడ్లు కట్టే ఫ్యాబ్రికేషన్ షాపులో చాలా ఏళ్లుగా మార్కింగ్ (ఉక్కు మీద కొలతల గుర్తులు పెట్టడం), ఫిట్-అప్ (ముక్కలను జోడించి నిలపడం) పనులు చూస్తున్నాను. మొదట్లో మాకు చెయిన్ కొలతలతో, అంటే ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి దూరం చెప్పే పద్ధతిలో షాప్ డ్రాయింగులు (ఒక్కో ముక్కను ఎలా తయారుచేయాలో చూపేవి) వచ్చేవి. తర్వాత మెంబరు (బీము, కాలమ్ లాంటి ఉక్కు భాగం) ఒక కొసను సున్నాగా పట్టుకొని అన్ని దూరాలనూ అక్కడి నుంచే చెప్పే రన్నింగ్ కొలతలు వచ్చాయి. పొడవైన మెంబర్లకు ఇవే సరైనవని నా అనుభవం. అయితే అన్ని చోట్లా ఇవే వాడితే పని చెడుతుంది.

రాఫ్టరు (కప్పును మోసే వాలు బీము) మీద 1250 మి.మీ.కు ఒక పర్లిన్ క్లీటు (కప్పు రేకుల కింది అడ్డ దూలాన్ని బిగించే చిన్న ముక్క) వస్తుందనుకుందాం. టేపు జరుపుకుంటూ గుర్తులు పెడితే, ఒక్కోసారి ఒక్క మిల్లీమీటరే పోయినా, తేడా అంతా ఒకే వైపు పడినప్పుడు ఎనిమిదో క్లీటు 8 మి.మీ. పక్కకు జరుగుతుంది. ఎం16 (16 మి.మీ. వ్యాసం) బోల్టుకు వేసేది 18 మి.మీ. రంధ్రం కనుక అంత తేడాను సర్దడానికి చోటుండదు. టేపును ఒకేసారి పరిచి 1250, 2500, 3750 అని పెట్టుకుంటూ పోతే ఒక గుర్తులోని తప్పు తర్వాతి గుర్తుకు పాకదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: కొక్కెం అరిగిన టేపును 100 దగ్గర పట్టి కొలిచేవారు ప్రతి అంకెకూ ఆ 100 కలపాలి.

బోల్టు గ్రూపు దగ్గర లెక్క మారుతుంది. 60 మి.మీ. పిచ్‌తో (పక్కపక్క రంధ్రాల మధ్య దూరం) మూడు రంధ్రాలున్నచోట 2340, 2400, 2460 అని మాత్రమే రాస్తే, పక్కపక్క రంధ్రాలు చెరోవైపు ఒక్కో మిల్లీమీటరు జరిగినా వాటి మధ్య దూరం 62 అవుతుంది. ఎదుటి క్లీటు మాత్రం 60కే డ్రిల్ అయి ఉంటుంది. అందుకే మొదటి రంధ్రానికి రన్నింగ్ కొలత, అక్కడి నుంచి పిచ్ విడిగా ఇచ్చిన డ్రాయింగే నాకు నచ్చుతుంది. పిచ్ చూడగానే మావాళ్లు టెంప్లేటు (రంధ్రాల చోట్లు ముందే ఉన్న అచ్చు) తీస్తారు.

ఎక్కడి నుంచి కొలవాలన్నది కూడా అంతే ముఖ్యం. టేపు ఆనించడానికి వీలులేని గ్రిడ్ లైను (కాలమ్‌ల మధ్యగా డ్రాయింగులో గీసే ఊహా రేఖ) నుంచి దూరం ఇస్తే, కాలమ్‌లో సగం, మధ్య గ్యాపు తీసివేసే లెక్క ఫిట్టరు మీద పడుతుంది. రోలింగ్‌లో బీము లోతు కొద్దిగా మారుతుంది కనుక వెబ్ (బీము నిలువు పలక) రంధ్రాల ఎత్తును పై ఫ్లాంజి (అడ్డ పలక) పైముఖం నుంచే ఇవ్వాలి. ఎల్ ఆకారపు యాంగిల్‌లో రంధ్రాల వరుస దూరాన్ని (గేజ్) హీల్, అంటే బయటి మూల, నుంచి ఇవ్వాలి. వాలు కొసలకు 5.71 డిగ్రీలు అని రాస్తే మూలమట్టంతో గీయలేం. అదే వాలును 100కు 10 అని చూపితే కుర్రవాడు కూడా గీస్తాడు.

ఈ డ్రాయింగులతో నాకు మిగిలిన పెద్ద ఇబ్బంది రివిజన్లది, అంటే డ్రాయింగులో తర్వాత చేసే మార్పులది. సాఫ్ట్‌వేర్ దానంతట అదే కొలతలు వేసేటప్పుడు ఎలివేషన్‌లో (ఎదుటి నుంచి చూసిన బొమ్మ) ఉన్న అంకె సెక్షన్‌లోనూ (కోసి చూపిన బొమ్మ) వస్తుంది. డీటైలరు (ఈ డ్రాయింగులు గీసేవారు) దాన్ని చేత్తో సవరించినప్పుడు ఒకచోట మారి రెండోచోట పాతదే ఉండిపోతుంది. ఒకసారి మా షాపులో గస్సెట్ ప్లేట్లు (మెంబర్లను కలిపే పలకలు) అలాగే పాత అంకెకు డ్రిల్ అయిపోయాయి. ఏ కొలతనైనా ఒక్కచోటే ఇవ్వాలని, రెండోచోట చూపక తప్పకపోతే రిఫరెన్స్ (చూసుకోవడానికే, మార్కింగ్‌కు కాదు) అని రాయాలని ఇప్పుడు ఆర్డరుతో పాటే డీటైలరుకు రాతపూర్వకంగా ఇస్తున్నాం.