కుడి పిక్క చెప్పే మాట: కడప ఎండల్లో ఐదేళ్ల బండి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా కడపలో రోళ్లదాకా ఎందుకు, మధ్యాహ్నం రెండింటికి బండి సీటు మీద చెయ్యి పెట్టి చూస్తే చాలు. అలాంటి ఊళ్లో ఉంటూ, 2020 చివర్లో, చలికాలం పొద్దున్నే టెస్ట్ రైడ్ చేసి, నాలుగు వందల సీసీకి కాస్త లోపల ఉండే లిక్విడ్ కూల్డ్, అంటే ఇంజను చుట్టూ కూలెంట్ అనే ద్రవం తిరిగి చల్లార్చే, సింగిల్ సిలిండర్ బండి కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. ఈ ఐదేళ్లలో దాన్ని తిట్టిన తిట్లలో సగం నాకే తగలాల్సినవి. మీటరులో ఇప్పుడు 58 వేలు దాటింది.

ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడం నా పని. వారంలో మూడు నాలుగు రోజులు కమలాపురం మీదుగా బండి మీదే పోయి వస్తా. నెలకోసారి గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటికి, అత్తగారింటికి. అంటే ఒక దారిలో దుమ్ము, ఇంకో దారిలో ఎక్కుడు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి మార్చి నెలలోనే సంగతి తెలిసింది. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే ఫ్యాను గుర్రుమని లేచేది. ఆ కూలెంట్‌ను గాలికి చల్లార్చే రేడియేటర్ లోంచి వచ్చే గాలి నేరుగా కుడి పిక్కకు కొట్టేది. పొయ్యి ముందు కాలు చాపుకుని కూర్చున్నట్టే. సర్వీసుకు తీసుకుపోతే, "బీఎస్ సిక్స్ బండ్లన్నీ ఇంతే సార్" అని కాఫీ ఇచ్చి పంపించారు.

ఆ మాటలో కొంత నిజముంది. బీఎస్ సిక్స్ అంటే బండ్ల పొగ కాలుష్యం తగ్గించే నిబంధనలు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన వీటి వల్ల పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ మీద భారం పెరిగింది. అది బాగా వేడెక్కితేనే, సుమారు 300 డిగ్రీలకు వస్తేనే, సరిగా పనిచేస్తుంది. తొందరగా వేడెక్కాలని దాన్ని ఇంజనుకు దగ్గరగా, మన కాళ్ల కిందికే తెచ్చి పెట్టారు. అదొక్కటే కాదు. మనం పోసే పెట్రోలులో చక్రం తిప్పడానికి పనికొచ్చేది పావు వంతు నుంచి మూడో వంతు వరకే. మిగతాదంతా సైలెన్సర్ లోంచో, రేడియేటర్ లోంచో, ఇంజను ఒంటి మీంచో సెగగా పోవాల్సిందే. కడపలో ఆ సెగ పోయి కలిసే గాలే 43 డిగ్రీలుంటే ఎవరిని తిట్టుకుంటాం?

తిట్టుకోకుండా డబ్బు ఖర్చు పెట్టాను. ముందు ఇంజను నుంచి పొగ తెచ్చే బెండ్ పైపుకు చుట్టే హీట్ ర్యాప్, అంటే సెగను ఆపే గుడ్డ పట్టీ, తెప్పించాను. రెండు అంగుళాల వెడల్పు, పది మీటర్ల చుట్ట. నీళ్లలో నానబెట్టి, లాగి బిగించి, స్టీలు టైలతో కట్టాను. కన్వర్టర్ ఉన్న చోట చుట్టలేదు, దానికది ఎక్కువగా కాగిపోతుందని మెకానిక్ భాయ్ వద్దన్నాడు. రెండు రోజులు బండి పొగలు కక్కింది, వీధిలో వాళ్లు ఆపి మరీ చెప్పారు. ఫలితం అంటారా? పైపు నుంచి కొట్టే సెగ నిజంగానే తగ్గింది, కింద కాలు పెట్టినప్పుడు తేడా తెలుస్తుంది. ఫ్యాను గాలి మాత్రం ఎప్పటిలాగే. పైగా ఆ గుడ్డ తడిని పీల్చుకుని పట్టుకుంటుంది. నవంబరు వానల తర్వాత విప్పి చూస్తే అతుకుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా రాలింది. మళ్లీ చుట్టలేదు. ఆయిల్ కారే బండికైతే అసలు చుట్టకూడదు, ఆయిల్ తాగిన గుడ్డ అంటుకోవడానికి ఎంతసేపు!

రెండోది అల్యూమినియం రేకు. రేకుపని చేసే అన్న దగ్గర ఫ్యాను గాలికి అడ్డంగా, కాలికి ముందు నిలిచేట్టు ఒక ముక్క వంపు తిప్పించాను. కూలితో కలిపి 350 రూపాయలు. మొదటి రోజు కాలు హాయిగా ఉంది, డిస్‌ప్లేలో వేడి గీతలు మాత్రం ఎప్పుడూ లేనంత పైకి పోయాయి. గాలి బయటికి పోయే దారిని మూసేశానని అప్పటికి వెలిగింది. మళ్లీ పోయి, రేకును కాలి దగ్గర మాత్రమే ఉంచి, గాలి కిందికీ వెనక్కీ జారేట్టు ఏటవాలుగా వంచి పెట్టించాను. గీతలు మామూలుకొచ్చాయి, పిక్కకు సగం ఉపశమనం. ఇంజను నిమిషానికి ఐదువేల చుట్లు దాటితే గలగలమంటుంది, ఒక రబ్బరు వాషరు వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది. ఈ ఐదేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే ఫలితం ఇచ్చింది ఈ రేకు ముక్కే.

ఇక అసలు కథ. 2023 మే నెల, ఆదివారం, గువ్వలచెరువు ఘాటు. ముందు సిమెంటు లోడు లారీ, దాని ముందు ఇంకొకటి, మలుపుల్లో దాటే వీలు లేదు. మొదటి గేరులో పాకుతున్నా. విచిత్రం, ఆ రోజు కాలికి ఎప్పుడూ ఉండేంత సెగ లేదు. రేకు భలే పనిచేస్తోందే అని మనసులో నన్ను నేనే మెచ్చుకున్నాను. మూడో మలుపు దగ్గర ఎర్ర దీపం వెలిగింది.

పక్కకు తీసి ఆపాను. ఆపగానే ఇంకో గీత పెరిగింది. అది చూసి కంగారుపడొద్దు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, కూలెంట్ తిరగదు, లోపలి ఉడుకు కాసేపు అక్కడే పేరుకుంటుంది. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోలేదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీస్తే ముఖం మీదికి చిమ్ముతుంది. ముప్పావు గంట చెట్టు కింద కూర్చుని, పైకి చేరి, పాలకోవా అంగడి దగ్గర మళ్లీ ఆపి, కోవా తింటూ బండిని చల్లారబెట్టుకుంటూ రాయచోటి చేరాను.

కడపకు తిరిగొచ్చాక భాయ్ ముందు టైరు తీసి టార్చి వేశాడు. "అన్నా, రేడేటర్‌లో రాయి పాలిష్ పెట్టినావే" అన్నాడు. చూస్తే నాపరాయి పొడి, సిమెంటు దుమ్ము, పురుగులు, అన్నీ వానకు తడిసి ఎండకు గట్టిపడి రేడియేటర్ పల్చటి రేకుల సందులన్నీ పూడిపోయున్నాయి. ఫ్యాను ఇరుసులోకీ అదే పొడి పోయి రెక్క బిగుసుకుపోయింది. గాలి దూరడానికి సందు లేదు, తోసే ఫ్యానూ లేదు. అందుకే నా కాలు చల్లగా ఉంది! రెండేళ్లుగా ఏ సెగను తిట్టుకుంటున్నానో అది రేడియేటర్ పనిచేస్తోందన్న గుర్తు. అప్పటి నుంచి ట్రాఫిక్‌లో పిక్కకు వేడి తగిలితే సరేలే అనుకుంటున్నా, తగలకపోతే మీటరు చూస్తున్నా.

ఇప్పుడు నెలకోసారి ఇంటి దగ్గరే, ఇంజను పూర్తిగా చల్లారాక, వెనక వైపు నుంచి ముందుకు మామూలు పైపు నీళ్లు పట్టి, మెత్తటి బ్రష్షుతో తుడుస్తాను. వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ను అక్కడికి రానివ్వను, ఆ పల్చటి రేకులు వంగిపోతాయి. కూలెంట్ రెండేళ్లకోసారి మార్పిస్తా. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోస్తా. మా వీధి బోరు నీళ్లు టీ గిన్నెకే తెల్లగా పొర కడతాయి, రేడియేటర్‌లో పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బట్టల సంగతి. కింద నైలాన్ ట్రాక్ ప్యాంటు వద్దేవద్దు, పైపుకు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మందపాటి జీన్సు, చీలమండ దాటే తోలు బూట్లు. ఎండాకాలంలో బూట్లా అని అందరూ నవ్వారు, కానీ పాదానికి సెగ తగలదు. పైన షర్టు గుండీలు విప్పి గాలికి పోతే చల్లగా ఉంటుందనుకోవడం మన భ్రమ. గాలి వేడి మన చర్మం వేడిని, అంటే సుమారు 35ను, దాటిందంటే ఆ గాలి మనల్ని ఇంకా కాలుస్తుంది. మన రైతులు తలకు తుండు చుట్టుకుని పనిచేసేది ఊరికేనా? లోపల నూలు బనియను తడిపి వేసుకుని, పైన మెష్ జాకెట్ వేస్తా. కమలాపురం చేరేలోపు ఆరిపోతుంది, అక్కడ మళ్లీ తడుపుకుంటా. మన పొడి గాలికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చెన్నైలో ఉండే మా బామ్మర్ది చేసి చూసి, చెమటకు తోడు నీళ్లు కూడా మోసినట్టుందన్నాడు.

ఒక్క సంగతి మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు. రెండేళ్ల కిందట మా పాప కుడివైపు నుంచి దిగబోయి సైలెన్సర్‌కు పిక్క ఆనించింది. మా అత్త పరుగున వచ్చి పళ్ల పేస్టు రాసేసింది. డాక్టరు ఆ పేస్టు కడగడానికే పది నిమిషాలు పట్టించి, "ముందు ఇరవై నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టాలి నాయనా, పేస్టూ వద్దు, ఐసూ వద్దు" అని నన్నే కోప్పడ్డాడు. మచ్చ ఉండిపోయింది. ఎడమవైపే దిగాలని ఇప్పుడు పాపే చుట్టాల పిల్లలకు చెబుతుంది.

నడిపే తీరులో మార్చుకున్నది తక్కువే. ఘాటులో లారీ వెనక అతుక్కుపోను, దాని పొగా సెగా నాకే, గాలీ అందదు. పై గేరులో మూలగనివ్వకుండా కింది గేరులో పెడతా, పంపు కాస్త గట్టిగా తిరుగుతుంది. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే ఎర్ర స్విచ్చుతో ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచుతా, నా బండిలో అలా చేస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలకు మించితే బ్యాటరీ బాధ.

మళ్లీ ఇదే కొంటావా అని ఆఫీసులో అడుగుతుంటారు. హైవే మీద ఎనభైలో పోతుంటే దీనంత కుదురైన బండి నేను నడపలేదు. ఊళ్లో తిరగడానికే అయితే గాలికే చల్లారే మామూలు ఎయిర్ కూల్డ్ నూటయాభై సీసీ బండి తీసుకోండి, మీ కాళ్లు సుఖపడతాయి. నా బండిలో ఆ రోజు బిగుసుకున్న ఫ్యానును భాయ్ కడిగి, తిప్పి బతికించాడు. దాదాపు మూడేళ్లు నెట్టుకొచ్చింది. వారం నుంచి తిరిగేటప్పుడు కిచకిచమంటోంది. శివరాత్రి లోపల కొత్తది వేయించాలి.