ఫోన్ కవరు వెనక ఐదొందల నోటు: రెండేళ్లు దాటాక

ఫోనుకీ దాని కవరుకీ మధ్య మడిచి దాచుకున్న ఐదొందల నోటు గురించి కూడా సమీక్ష రాస్తారా అని మా ఆవిడ నవ్వింది. కార్డు ట్యాప్ చేయడం, క్యూఆర్ స్కాన్ చేయడం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. నెలలో ఇరవై తొమ్మిది రోజులు నేనూ అలాగే కడతాను. హైదరాబాదులో ఉన్నన్ని రోజులూ పర్సు బీరువాలోంచి బయటికి రాదు. నేను రాస్తున్నది ఆ ముప్పయ్యో రోజు గురించి.

నిజానికి ఈ అలవాటు రెండు వేల నోటుతో మొదలైంది. ఒక్క కాగితం, పెద్ద మొత్తం, ఇంకేం కావాలి అనుకున్నాను. దాన్ని ఏ కొట్లోనూ మార్చలేకపోయాను, అది వేరే సంగతి. 2023 మే 19న రిజర్వు బ్యాంకు ఆ నోట్లను వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించాక, చాలామందిలాగే నేనూ దాన్ని పెట్రోలు బంకులో వదిలించుకున్నాను. అప్పటి నుంచీ కవరు వెనక ఎర్రకోట బొమ్మే.

ఆ నోటు మీద ఇంత మమకారం పుట్టింది కూడా ఒక బంకులోనే. దసరా సెలవుల తర్వాత అమ్మని నరసరావుపేట దగ్గర మా ఊళ్లో దింపడానికి కార్లో బయల్దేరాం. మిర్యాలగూడ దాటాక, వాడపల్లి దగ్గర కృష్ణ దాటేలోపే పెట్రోలు కొట్టించడం నా అలవాటు. అవతల ఒడ్డున లీటరు కాస్త ఎక్కువ. రాత్రి తొమ్మిదిన్నర అయింది. వెయ్యికి కొట్టించి కార్డు మిషన్‌కి ఆనించాను. ఐదు వేల లోపు కాబట్టి పిన్ అడగదు, ఆ కార్డులో నాకు బాగా నచ్చేది అదే. మిషన్‌లో చక్రం తిరిగి తిరిగి 'డిక్లైన్డ్' అని చీటీ బయటికొచ్చింది. చీటీ చింపేలోపే నా ఫోన్ టింగుమంది. వెయ్యి రూపాయలు డెబిట్.

"మాకు రాలేదన్నా" అన్నాడు కుర్రాడు. నేను మెసేజ్ చూపించాను, వాడు చీటీ చూపించాడు. ఇద్దరం నిజమే చెబుతున్నాం. మేనేజరు వచ్చి, ఇంకోసారి పెట్టండి సార్, మొదటిది మీకు వెనక్కి వచ్చేస్తుంది అన్నాడు. రెండోదీ అలాగే పోతే? యూపీఐ తెరిస్తే మా బ్యాంకు సర్వరు పలకడం లేదు. వెనకాల లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడం లేదు. అంత టెన్షన్‌లో కవరు సంగతి గుర్తురావడానికే రెండు నిమిషాలు పట్టింది.

గోటితో కవరు ఊడదీసి నోటిచ్చాను. కుర్రాడు మడతలు విప్పి, లైటు కింద ఓసారి చూసి, నడుముకున్న సంచిలో వేసుకున్నాడు. రెండు సెకన్లు. చక్రం తిరగలేదు, నా పేరు అడగలేదు, ఎవరి సర్వరుకీ ఆ సంగతే తెలియదు. ఆ హాయి కార్డు ఎన్నిసార్లు ట్యాప్ చేసినా నాకు కలగలేదు.

మిగతా ఐదొందలా? అవి అమ్మ ఇచ్చింది. వెనక సీట్లో కూర్చుని ఇదంతా చూసి, చేతిసంచిలోంచి మందుల కవరు, అందులోంచి రబ్బరు బ్యాండు వేసిన వంద నోట్ల చుట్ట తీసి, ఐదు లెక్కపెట్టింది. "ఇంత ఉద్యోగం చేస్తూ దారి ఖర్చుకి నాలుగు డబ్బులు దగ్గర పెట్టుకోవేంట్రా!" అంది. తెల్లారగానే ఆ ఐదొందలు వెనక్కి అడిగింది. అకౌంట్లో వేస్తానమ్మా అంటే ఒప్పుకోలేదు. ఏటీఎంకి వెళ్లొచ్చాను.

కార్డులో పోయిన వెయ్యి నాలుగో రోజుకి దానంతటదే వచ్చింది. 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఒకటుందని తర్వాత తెలిసింది. దుకాణంలో కార్డు పెట్టినప్పుడు మన ఖాతాలో డబ్బు కట్ అయి, అవతల అందినట్టు రాకపోతే, ఆ రోజు కాక ఐదు రోజుల్లోపు తిరిగి వేయాలి. అది దాటితే రోజుకి వంద రూపాయలు మనకే ఇవ్వాలి. బాగుంది. కానీ రాత్రిపూట బంకులో నియమం చూపిస్తే కారు కదలనిస్తారా?

రెండు సెకన్లు అన్నాను కదా, అన్నిచోట్లా కాదు. ఓసారి కారు సర్వీసుకిచ్చి బస్సులో వెళ్లాను. నరసరావుపేటలో ఊరి బస్సెక్కేసరికి ఫోన్ చార్జింగ్ అయిపోయింది. టికెట్టు 35 రూపాయలు. ఐదొందలు చూడగానే కండక్టరు మొహం మాడ్చుకుని, "పొద్దున్నే ఇదిస్తే చిల్లర ఎక్కణ్ణుంచి తెమ్మంటావు బాబూ" అని, టికెట్టు వెనక 465 అని రాసిచ్చాడు. దిగేటప్పుడు తీసుకో అన్నాడు. నేను సంచులు దింపుకునే హడావిడిలో దిగిపోయాను. బస్సు చెరువు మలుపు తిరిగాక గుర్తొచ్చింది. ఆయన తప్పేం లేదు, నా మతిమరుపే.

అప్పటి నుంచి ఐదొందలకి బదులు రెండు రెండొందలు, ఒక వంద పెడుతున్నాను. దాంతో కవరు ఒక మూల సరిగ్గా కూర్చోదు, పైకి లేస్తూ ఉంటుంది. పైగా ఆ నోట్లు దొరకాలి. ఏటీఎంలలో వందలో రెండొందలో తప్పనిసరిగా ఉంచమని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. మా సందు చివరిది మాత్రం నేను వెళ్లినప్పుడల్లా ఐదొందలే ఇస్తోంది. కిరాణా కొట్టాయన్ని బతిమాలుకుంటున్నాను.

ఇంకోటి, మడత. ఏడాదిన్నర కదలకుండా ఉన్న నోటు మడత దగ్గర చిరిగింది. మందుల షాపులో వేరేది ఇవ్వండన్నారు. బ్యాంకులో మారుమాట్లాడకుండా మార్చారు. యాభై, అంతకు పై నోట్లలో ఒకే ముక్క 80 శాతం కన్నా ఎక్కువ మిగిలుంటే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం ఇస్తారు. నాది రెండు ముక్కలు కూడా కాలేదు. ఇప్పుడు ఉగాదికోసారి, దసరాకోసారి నోట్లు మారుస్తున్నాను.

అసలు లోపం నాకింకా అనుభవానికి రాలేదు. ఫోన్ ఏ ఆటోలోనో మర్చిపోతే, సరిగ్గా డబ్బు కావాల్సిన గడియలోనే నోటూ పోతుంది. డెబిట్ కార్డు కూడా ఆ కవర్లోనే దోపుకునేవాళ్లని చూశాను. నాకంత ధైర్యం లేదు.

నేను నెలకోసారి పల్నాడు దారి పడతాను, పక్కన అమ్మ ఉంటుంది, చీకటి పడ్డాక దారిలో ఎవరితోనూ వాదన పెట్టుకోలేను. కాబట్టి నాకిది ఉండాల్సిందే. గచ్చిబౌలిలో ఇంటికీ ఆఫీసుకీ మధ్యే తిరిగేవాళ్లకి బహుశా ఏడాదికోసారి కూడా పని పడదేమో. మా ఆవిడ అసలు పెట్టుకోదు, ఆమెకి ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు, ఆ మాటా రాయమంది.

బస్సు టికెట్టు బీరువాలో పర్సులోనే ఉంది. మిషన్ కొట్టిన అక్షరాలన్నీ వెలిసిపోయాయి. వెనక పెన్నుతో రాసిన 465 మాత్రం చక్కగా కనిపిస్తోంది.