ఆరు రోజుల చలికాలం: లంక దక్షిణ తీరమా, క్రాబీనా?

మా చెల్లెలు, మరిది పోయిన దసరా సెలవుల్లో పాస్‌పోర్టులు తీసుకున్నారు. పెళ్లయి పదకొండేళ్లు. ఇన్నాళ్లకు ఇద్దరికీ ఒకేసారి ఆరు రోజుల సెలవు కుదిరింది, పిల్లవాణ్ని చూసుకోవడానికి అమ్మ ఒప్పుకుంది. ఫోన్ చేసి, "అక్కా, నాకు చూసేటివి ఏం వద్దు. సముద్రం దగ్గర కాళ్లు చాపుకొని కూసుంటే చాలు. పొద్దుగాల ఆరింటికి కింద లాబీల ఉండమని ఎవ్వరూ అనొద్దు. శ్రీలంకనా, థాయ్‌లాండా? రెండూ చూసినదానివి నువ్వే కదా, చెప్పు" అంది.

రెండూ చూశాను, నిజమే. ఒకటి తప్పుగా, ఒకటి సరిగ్గా. మా మొదటి విదేశీ ప్రయాణం థాయ్‌లాండ్. ఆరు రోజుల్లో పట్టాయా, బ్యాంకాక్, ఫుకెట్, క్రాబీ. నాలుగు హోటళ్లు, రోజు విడిచి రోజు సూట్‌కేసు సర్దడం. తిరిగొచ్చాక ఫొటోలు చూస్తూ ఏ బీచ్ ఏ ఊరిదని మా ఆయనకూ నాకూ వాదన. ట్రావెల్స్ వాళ్లను అని లాభం లేదు, డబ్బులు పెడుతున్నాం కదా అన్నీ చూపించమన్నది మేమే. రెండేళ్ల తర్వాత శ్రీలంక వెళ్లినప్పుడు బుద్ధొచ్చి ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు ఉన్నాం. అందుకని నా తూకం లంక వైపు కాస్త మొగ్గి ఉంటుంది. ముందే చెప్తున్నాను.

వేరే పేర్లు కూడా వచ్చాయి. మరిదికి మంచు చూడాలని ఉంది. స్విట్జర్లాండ్ అంటే యూరప్ దేశాల ఉమ్మడి షెంజెన్ వీసా: అపాయింట్‌మెంట్, వేలిముద్రలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మనిషికి 90 యూరోల ఫీజు. అన్నీ అయి వెళ్తే డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి. ఊరికే కూర్చోవడానికి అంత ఖర్చు ఎందుకు? బాలికి అందరూ వెళ్తున్నారు గానీ అది భూమధ్యరేఖకు అవతల ఉంది, మన చలికాలమే దానికి వానాకాలం. వియత్నాం 1600 కిలోమీటర్లకు పైగా పొడవున్న దేశం. డిసెంబర్‌లో హనోయిలో స్వెటర్ కావాలి, డా నాంగ్, హోయ్ ఆన్ వైపు గొడుగు కావాలి, హో చి మిన్ సిటీలో నూలు చొక్కా కావాలి. అది రెండోసారికి పెట్టుకోవచ్చు. దుబాయ్ వాతావరణం ఆ రోజుల్లో బంగారం, కానీ మా చెల్లిని ఆ మాల్స్‌లోంచి బయటికి తేవడం మరిది వల్ల కాదు.

నిజానికి డిసెంబర్‌లో హైదరాబాద్ కంటే హాయైన చోటు కోసం విమానం ఎక్కనక్కర్లేదు. వెతకాల్సింది నెమ్మదైన సముద్రం కోసం. ఏడాది చివర్లో నెల్లూరును తడిపే ఈశాన్య రుతుపవనాలే శ్రీలంక తూర్పు తీరాన్నీ తడుపుతాయి. మధ్యలో కొండలు అడ్డం ఉండటంతో నైరుతి, దక్షిణ తీరాలు, అంటే బెంతోట, గాలె, ఉనవతున, మిరిస్స, డిసెంబర్ నుంచి మార్చి దాకా చాలావరకు పొడిగా ఉంటాయి. థాయ్‌లాండ్‌లోనూ ఇదే లెక్క. పడమర వైపు అండమాన్ సముద్ర తీరాన ఉన్న ఫుకెట్, క్రాబీ ఎండగా ఉంటే, అవతలి వైపు గల్ఫ్ ఆఫ్ థాయ్‌లాండ్‌లోని కో సముయి దీవిలో నవంబర్ అంతా, డిసెంబర్‌లో చాలా రోజులు వాన. చవగ్గా వచ్చిందని డిసెంబర్ మొదట్లో కో సముయిలోనో, లంక తూర్పు తీరంలోని ట్రింకోమలీలోనో గది తీసుకుంటే కిటికీలోంచి వాన చూసి రావాలి. దేశం పేరు చూసి కాదు, తీరం ఏ వైపు ఉందో చూసి టికెట్ కొనాలి.

ఇక అసలు తూకం.

వెళ్లడం లంకకే తేలిక. శంషాబాద్ నుంచి కొలంబోకి నేరుగా వెళ్తే రెండు గంటలు అటూ ఇటూ. గడియారం మార్చుకునే పని కూడా లేదు, అక్కడా మన టైమే. అమ్మ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అక్కడా తొమ్మిదే, చిన్న విషయమే గానీ పిల్లవాణ్ని వదిలి వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. క్రాబీకైతే బ్యాంకాక్‌లో విమానం మారాలి, లేదా ఫుకెట్‌లో దిగి రోడ్డు మీద రెండున్నర, మూడు గంటలు పోవాలి. టైము మనకంటే గంటన్నర ముందు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: కొలంబో విమానాశ్రయం నుంచి గాలెకు ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా రెండున్నర గంటలు పడుతుంది. విమానం దిగగానే సముద్రంలో దూకే వీలు రెండు చోట్లా లేదు.

వీసా నియమాలు రెండు దేశాల్లోనూ తరచూ మారుతున్నాయి. శ్రీలంకకు ముందుగా ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ప్రయాణ అనుమతి, తీసుకుంటే మంచిది. థాయ్‌లాండ్ 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టింది, దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, ఫీజేమీ లేదు. ఫీజు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం. టికెట్ కొనే రోజునే అధికారిక సైట్లలో ఒకసారి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

సముద్రం దగ్గరికొస్తే క్రాబీదే గెలుపు. ఇందులో మొహమాటం లేదు. నీళ్లలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు, వాటి మధ్య పచ్చటి, అలల్లేని నీళ్లు. ఈత రానివాళ్లు కూడా నడుము లోతు దాకా ధైర్యంగా వెళ్లొచ్చు. లంకలో అల ఉంటుంది. ఉనవతున దగ్గర సముద్రం లోపలికి ఒంపు తిరిగి ఉండటం వల్ల నెమ్మదిగా ఉంటుంది గానీ, మిగతా చోట్ల ఎర్రజెండా ఉందో లేదో చూసే దిగాలి. మరిదికి ఈత రాదు, చెల్లికీ రాదు. ఇది క్రాబీ వైపు బరువైన రాయి.

కానీ క్రాబీ అందమంతా పడవ ఎక్కితేనే. రైలే అనే బీచ్‌కు రోడ్డు లేదు, కొండలు అడ్డం. ఆవ్ నాంగ్ ఊరి నుంచి పొడుగు తోక పడవలో పావుగంట. పడవ ఒడ్డుదాకా రాదు, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి ఎక్కాలి, దిగాలి. మేం రైలేలోనే గది తీసుకున్నాం కదా, మా ఆయన 23 కేజీల సూట్‌కేసును మేడారంలో నెత్తిన బెల్లం మోసినట్టు మోసుకుంటూ నీళ్లలో నడిచాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. నాలుగు దీవుల టూర్, హోంగ్ దీవి, ఫి ఫి దీవులు, ఏది చూడాలన్నా పొద్దున్నే పికప్ బండి, లైఫ్ జాకెట్, పడవ. అంటే చెల్లి వద్దన్న "ఆరింటికి లాబీ" కాకపోయినా ఎనిమిదింటికి లాబీ. పడవలు వద్దనుకుంటే కో లాంటా దీవి ఉంది. రోడ్డు, ఫెర్రీ కలిపి వెళ్లే చోటు, పొడవాటి ఇసుక తీరాలు, క్రాబీ కంటే జనం తక్కువ. నన్నడిగితే థాయ్‌లాండ్‌లో ఊరికే కూర్చోవాలంటే క్రాబీ కాదు, లాంటాయే.

లంకలో ఏమీ చెయ్యకపోవడం ఇంకా సులువు. గాలె కోటను 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మొదలుపెడితే 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పెద్దది చేశారు. 1988లో యునెస్కో జాబితాలో చేరింది. ఇంత చరిత్ర ఉన్నా అది మ్యూజియంలా ఉండదు, లోపల ఇళ్లున్నాయి, బడి ఉంది, కోర్టు ఉంది, మసీదు, చర్చి ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నరకు బురుజు మీద నడవడం మొదలుపెడితే సూర్యుడు మునిగేసరికి మొత్తం చుట్టు అవుతుంది. ఆ గోడ మీద అక్కడక్కడ గొడుగులు కనిపిస్తాయి. ఎండకు అనుకున్నాను ముందు. దగ్గరికెళ్తే ఒక్కో గొడుగు కింద ఒక్కో జంట. ఊళ్లో వాళ్ల కంట పడకుండా కూర్చునే కుర్రకారు. మేం ఇద్దరం పెళ్లయిన పద్నాలుగేళ్లకు ఆ గోడ మీద గొడుగు లేకుండా కూర్చుని కొబ్బరిబోండాం తాగాం. చెల్లికి నేను చెప్పాలనుకున్న సెలవు అదే.

తిండి విషయంలో చెల్లి శాకాహారి, మరిది అన్నీ తింటాడు. థాయ్‌లాండ్‌లో కూరగాయల వేపుడు అని తెచ్చినా అందులో నామ్ ప్లా ఉంటుంది, పులియబెట్టిన చేపల నీరు లాంటిది. "జే" అనే మాట నేర్చుకుని వెళ్లాలి. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి కూడా ఉండదు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపించిన బండి దగ్గర నిశ్చింతగా తినొచ్చు. లంకలో తెల్లారితే ఆప్పం, ఇడియాప్పం, కొబ్బరిపాలు పోసిన పప్పు, మధ్యాహ్నం అన్నంలోకి నాలుగైదు కూరలు. పనస కూర దొరికితే వదలొద్దు. అక్కడా ఒక చిక్కుంది: పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో ఎండబెట్టిన మాల్దీవు చేప పొడి కలుపుతారు. చూడటానికి అచ్చం మన కొబ్బరికారం. నేను రెండు రోజులు లొట్టలేసుకుంటూ తిన్నాక తెలిసింది. "సైవం" అని చెప్తే తమిళుల హోటళ్లలో వెంటనే అర్థమవుతుంది. తిండిలో మొత్తం మీద లంకే, మరిదికి రాత్రి సంతలో తిరుగుతూ తినడం ఇష్టమైతే మాత్రం క్రాబీ.

లంకతో ప్రమాదం ఒకటే, కొండలు రమ్మంటాయి. క్యాండీ నుంచి ఎల్లా దాకా తేయాకు తోటల్లో పోయే రైలు వీడియోలు చెల్లి ఇప్పటికే నాకు నాలుగు పంపింది. ఆరేడు గంటల ప్రయాణం అది. ఎల్లా దగ్గర 1921లో కట్టిన తొమ్మిది తోరణాల వంతెన ఉంది. 2025 నవంబర్ చివర్లో వచ్చిన దిత్వా తుఫాను కొండ ప్రాంతాన్ని, ఆ రైలు దారిని బాగా దెబ్బతీసింది, కాబట్టి ఏ ముక్క నడుస్తోందో కనుక్కోకుండా దాని చుట్టూ ప్రోగ్రాం వేసుకోకూడదు. క్యాండీ అయితే నాకూ మనసు లాగుతుంది. అక్కడ 1739 నుంచి 1815 దాకా ఏలిన నాయక్కర్ రాజులు మధురై వైపు నుంచి వెళ్లినవాళ్లు, మూలాలు తెలుగువి. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుణ్ని ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. క్యాండీలో ఇప్పుడు అందరూ ఫొటో దిగే చెరువు ఆయన తవ్వించిందే. అటు నుంచి ఇటూ రాకపోకలున్నాయి, మన నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం మాట ఉంది. ఇదంతా బాగుంది. కానీ ఆరు రోజుల్లో తీరం, కొండ రెండూ పెట్టుకుంటే మా పట్టాయా-ఫుకెట్ కథే మళ్లీ. కొండలకు ఇంకోసారి వెళ్లండి.

డబ్బు సంగతి. బాట్ ఒక్కటి మనకు రెండున్నర రూపాయలకు పైన, మన రూపాయికి లంక రూపాయలు మూడుకు పైన. అంత మాత్రాన లంక మూడో వంతు ఖర్చు అనుకోవద్దు, గదులు, కార్లు డాలర్ల లెక్కలోనే చెప్తారు. మా అనుభవంలో గది అద్దెలు ఒకేలా ఉన్నాయి, విమానం టికెట్‌లో, పడవల ఖర్చులో లంక కలిసొచ్చింది. రెండు చోట్లా డిసెంబర్ 24, 31 రాత్రులకు చాలా రిసార్టులు గాలా డిన్నర్ అని తప్పనిసరి డబ్బు కలుపుతాయి. బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. లంకలో ప్రతి పౌర్ణమికి పోయ సెలవు, ఆ రోజు మందు అమ్మరు. మరిదికి ఈ సంగతి ముందే చెప్పడం ఇంటికి శాంతి.

తేదీలు నేనైతే సంక్రాంతి వెళ్లాక పెట్టుకోమంటాను. న్యూ ఇయర్ రేట్లు దిగుతాయి, రెండు తీరాల్లోనూ ఎండ నిలకడగా ఉంటుంది. పండక్కి అత్తగారింటికి వెళ్లొచ్చామన్న పేరూ ఉంటుంది. కాదు, డిసెంబర్‌లోనే అంటే ధనుర్మాసం మొదలయ్యాక బయల్దేరండి, పెళ్లి పిలుపులు ఉండవు కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

ఇన్ని చెప్పాక చెల్లికి రాసిచ్చింది ఇది: కొలంబోలో దిగి నేరుగా ఉనవతున, నాలుగు రాత్రులు ఒకే గది, మధ్యలో రెండు సాయంత్రాలు గాలె కోట. ఓపికుంటే ఒక పొద్దున మిరిస్సలో తిమింగలాల పడవ, డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాటి కాలం. వాంతులయ్యే రకమైతే వద్దు. ఆఖరి రాత్రి విమానాశ్రయం పక్కనే ఉన్న నెగొంబోలో. నీళ్లలో దిగాలనో, దీవులు చూడాలనో ఉంటే మాత్రం దీన్ని చింపేసి లాంటాలో అయిదు రాత్రులు తీసుకోమన్నాను.

నిన్న రాత్రి మళ్లీ ఫోన్. "అక్కా, నాకు లంకే నచ్చింది. కానీ ఈయన క్రాబీల ఏదో పులి గుహ గుడి ఉందట, పన్నెండొందల మెట్లకు పైననట, ఎక్కుతానంటుండు. అలిపిరి మూడు వేల అయిదొందల మెట్లు ఎక్కినోన్ని, ఇదెంత అంటుండు." అలిపిరి మెట్లకు మధ్యలో నడిచే దారి ఉంటుంది, అవి నిచ్చెనలాగా నిటారుగా ఉంటాయని చెప్పమన్నాను. స్పీకర్ ఆన్‌లో ఉందట, మరిది విన్నాడు. ఇంకా ఏమీ అనలేదు.